ఎలైజా సార్ అంగీకి రఫూ

నా జీవితంలో ఒకే ఒక్క పనిని ఏ లోపమూ లేకుండా చేశాను. అది చెయ్యకూడని పని. కాస్త వంకరగా చేసి ఉన్నా బతికిపోయేవాణ్ణి. చేతకానివాడు చేసే నష్టానికి ఒక హద్దుంటుంది. పని బాగా వచ్చినవాడు, మంచి మనసుతో, ఎవరినీ అడగకుండా చేసే నష్టానికి హద్దు లేదు. ఇది చదివాక మీరు నన్ను తిట్టుకుంటారు. ఫరవాలేదు, ఆ పని నేను ఏళ్ళ కిందటే మొదలుపెట్టాను.

మాది వరంగల్ మట్టెవాడలో రఫూ కొట్టు. రఫూ తెలియని పిల్లలకు ఒక మాట: బట్ట చిరిగితే, అదే బట్ట మడతలోంచి పోగులు లాగి, చిరిగినచోట సూదితో మళ్ళీ నేయడం. అతుకు వేయడం కాదు, కుట్టడమూ కాదు. మా తాత మగ్గం నేశాడు. మరమగ్గాలు వచ్చాక బాపు మగ్గం దిగి సూది పట్టాడు. నేను డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, బాపు పక్కన కూర్చున్నాను. గిరాకీ లేనప్పుడు పుస్తకాలు చదివేవాణ్ణి. ఎక్కువ చదివితే మనుషుల మనసులు తెలుస్తాయన్న నమ్మకం ఒకటి పుడుతుంది. నాకు బాగా పుట్టింది.

దానికి తోడు పనిలో గర్వం. రఫూ అయిపోయిన బట్టను గిరాకీ చేతికిచ్చి, "ఎక్కడ చినిగిందో మీరే చూపెట్టుండ్రి" అనేవాణ్ణి. వాళ్ళు తిప్పి తిప్పి చూసేవాళ్ళు. ఒకాయన తన ప్యాంటు కాదని వదిలేసి వెళ్ళబోయాడు కూడా. బాపుకు ఇది నచ్చేది కాదు.

"పని చేసి ఇయ్యిరా. పరీక్ష పెట్టకు."

నేను వినలేదు. వింటే ఈ కథ లేదు.

ఎలైజా సార్ మా కొట్టుకు మొదటిసారి ఆటోలో వచ్చాడు. పొడుగు మనిషి. ఆయన ఒళ్ళో, భుజాల మీద, డ్రైవర్ మెడ చుట్టూ కూడా కాస్త, ఒక పెద్ద వల. దాన్ని ఈడ్చుకుంటూ మా గడప దగ్గర పడేశాడు.

"ఇది బాగు చేస్తరా అన్నా?"

బాపు కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. "ఏ చెరువు సార్? చేపలు పెద్దయేనా?"

"చేపలు కాదన్నా, బంతులు. టెన్నిస్ నెట్టు. బంతి మీదికెల్లి పోవాలె, ఇది నడుమలకెల్లి పోతాంది. పాయింటు నాదంటే నాదని పిల్లలు కొట్టుకుంటాండ్రు."

హనుమకొండలో ఒక మొరం కోర్టు ఉంది, ఎర్రమట్టిది. అక్కడికి కొత్తగా వచ్చిన కోచ్ ఆయన. తెలుగు సికింద్రాబాద్‌లో నేర్చుకున్నాడు. బాపు పేరడిగాడు. ఎలైజా అన్నాడాయన. బాపు తలూపి, "మంచిది ఎల్లయ్య సార్" అన్నాడు. ఆయన సరిదిద్దలేదు. ఆ రోజునుంచి మా ఇంట్లో ఎల్లయ్య సారే.

"కిరస్తానీలా సార్?"

"కాదన్నా, యూదులం. కొంకణం దిక్కు, సముద్రం పక్కన మా ఊరు. మా తాతలు గానుగ ఆడించి నూనె తీసెటోళ్ళు. శనివారం గానుగ బందు. మాకు శనివారం ఏ పనీ ఉండదు."

బాపు నెట్టు కన్నంలో వేలు పెట్టి చూస్తూ అన్నాడు: "శనివారం నూనె కొనద్దని మేం గూడ అంటం గద. గట్లయితే మనం మనమే."

మతాల మధ్య పొంతన గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత తొందరగా తేల్చినవాళ్ళు ఎవరూ లేరు. నెట్టు బాగు చేసేలోపు మా మిద్దె మీది గది ఆయనకు కిరాయికి ఇవ్వడం కూడా అయిపోయింది.

సాయంత్రాలు మిద్దె మీద చాయ తాగుతూ ఆయన తన ఆట సంగతులు చెప్పేవాడు. ఆయన తండ్రిని బాబా అనేవాడు. బాబా బొంబాయిలో ఒక క్లబ్బులో టెన్నిస్ కోర్టులకు సున్నంతో గీతలు గీసే పని చేసేవాడు. దారం పట్టకుండా కంటి లెక్కతో గీసినా గీత సూటిగా వచ్చేదట. శనివారం మాత్రం ఆయన పనికి వెళ్ళడు, వేరే ఎవరో గీస్తారు. "శనివారం గీతలు పాము పోయినట్టుంటుండె" అనేవాడు సార్. కొడుకు ఆడుకోవడం మొదలుపెట్టింది ఆ గీతల మధ్యనే. పెద్దయ్యాక డబ్బుల కోసం ఆడే ఆటగాడయ్యాడు. రాకెట్లు నెత్తి కింద పెట్టుకుని జనరల్ బోగీల్లో తిరిగాడు. బట్టలు మార్చుకునే గదుల్లో పడుకున్నాడు.

"ప్రపంచ ర్యాంకుల్ల నా పేరున్నది రాజూ. దొరుకుతది. చూసెటోనికి ఓపికుండాలె."

బయలుదేరేముందు తండ్రికి ఒక మాటిచ్చాడు: శనివారం ఆడనని. ఇక్కడే ఉంది చిక్కు. చిన్న టోర్నమెంట్లలో సెమీఫైనల్ వచ్చేది శనివారం.

"అంటే ఎట్ల సార్?"

"ఎట్లంటే, శుక్రవారం దాకా గెలుస్త. శనివారం ఆడకుండ ఓడిపోత. శనివారం నాతోని ఆట పడ్డోనికి పండుగ, ఆడకుండనే గెలుస్తడు. వచ్చి నాకు చాయ తాగిపిస్తుండె."

శుక్రవారం పొద్దుగూకడంతోనే శనివారం మొదలవుతుంది వాళ్ళకు. అందుకని శుక్రవారం ఆటలో ఆయన ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను సూర్యుడి మీద పెట్టేవాడు. సంగతి తెలిసిన ప్రత్యర్థులు బూటు లేసు విప్పడం కట్టడం, కట్టినదాన్ని విప్పడం, తువ్వాలతో ప్రతి వేలూ విడివిడిగా తుడుచుకోవడం, ఇలా పొద్దుగూకేదాకా కాలం సాగదీసేవాళ్ళు. "నన్ను ఓడగొట్టింది మనుషులు తక్వ, పొద్దు ఎక్వ" అనేవాడు.

ఒక్క శనివారం మాత్రం ఆడాడు. ఎక్కడో దూరంగా. తండ్రికి తెలియదులే అనుకున్నాడు. ఆడి ఓడిపోయాడు, అదీ అన్నం ఉడికేలోపు. ఇంటికి వచ్చాడు. ఫలితం అప్పటికే పేపర్లో మూలన పడింది. తిన్నాక బాబా ఒకటే అడిగాడట:

"గీతలు మంచిగ గీసిండ్రా?"

"వంకరగున్నయి బాబా."

"శనివారం గద" అని, బాబా చెయ్యి కడుక్కోవడానికి లేచాడట.

అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసు రాలేదు. సార్ ఈ కథ నవ్వుతూ చెప్పేవాడు. చెప్పాక మాత్రం చాయ గ్లాసు ఖాళీ అయినా కింద పెట్టేవాడు కాదు. తప్పయిందని చెప్పాలనుకున్నాడట. మోకాలు పోయింది, ఆట పోయింది, చెల్లెలు నర్సు పని మీద ఇజ్రాయెల్ వెళ్ళి బాబాను తన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ మాట చెప్పడం మాత్రం మిగిలిపోయింది.

ఆ ఎండాకాలం ఒక పొద్దున సార్ కిందికి వచ్చి అమ్మను బ్లేడు అడిగాడు. గడ్డానికనుకుని అమ్మ ఇచ్చింది. పగలంతా ఆయన మళ్ళీ కిందికి రాలేదు. కోర్టుకూ పోలేదు. సాయంత్రం అమ్మా నేనూ పైకి వెళ్ళి చూస్తే నేల మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల నూలు అంగీ, రోజూ కోర్టుకు వేసుకుపోయేదే. ఎడమపక్క, సరిగ్గా గుండె మీద, నా చేతి వేళ్ళన్నీ దూరేంత చిరుగు.

"ఏమైంది సార్?"

"బాబా పోయిండమ్మా. పొద్దున ఫోనొచ్చింది. మా దాంట్ల ఆలస్యం చెయ్యరు, ఇప్పటికి మన్ను గూడ చేసేసింటరు."

ఆయన పాస్‌పోర్టు గడువు దాటి ఏళ్ళయింది. ఉన్నా అందేది కాదు. అమ్మ ఏడ్చింది, చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించకూడదని రెండు పూటలా అన్నం పంపడం మొదలుపెట్టింది. వాళ్ళ పద్ధతీ అదేనట. ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. ఎందుకంటే ఇక్కడిదాకా నేను ఏమీ చెయ్యలేదు.

తర్వాత అమ్మ కొత్త బట్టలు తెచ్చింది. మా వైపు, మనిషి పోయిన ఇంటివాళ్ళకు చుట్టాలు కొత్త బట్టలు పెడతారు.

"మీకు ఇక్కడ ఎవరున్నరు సార్, మేమే గద. కట్టుకోండ్రి."

"వద్దమ్మా. కొత్తది కట్టద్దు నేను. ఇది ఇట్లనే ఉండాలె."

చూడండి, ఆయన స్పష్టంగానే చెప్పాడు. కానీ మా దగ్గర మొదటి వద్దును ఎవరూ లెక్కలో వేసుకోరు. రెండోది మర్యాద. మూడోది మొహమాటం. అడిగేవాడు అలిసిపోతే తప్ప వద్దు అన్న మాటకు అర్థం రాదు. కింద మా ముగ్గురి సభ జరిగింది.

"గా చినిగిన అంగితోని కూసున్నది చూస్తే నా పానం అల్లాడుతాంది" అంది అమ్మ.

"కొత్తది వద్దన్నడంటే మొహమాటం" అన్నాడు బాపు.

చదువుకున్నవాణ్ణి గనక నేను ఇంకాస్త లోతుకు వెళ్ళాను. "కాదు బాపూ. పాతదాని మీద పానం. తండ్రి కొనిచ్చిందయి ఉంటది. కొత్తది కాదు ఆయనకు కావాల్సింది, పాతది మళ్ళ పాతదాని తీర్గ కావాలె."

"అయితే అడుగు."

"అడిగితే వద్దంటడు."

ఈ మాటను నేను చాలాసార్లు గుర్తు చేసుకుంటాను. వద్దంటాడని తెలుసు. అందుకే అడగలేదు.

మరుసటి మధ్యాహ్నం సార్ బనీనుతో నిద్రపోతున్నాడు, అంగీ మేకుకు వేలాడుతోంది. తెచ్చాను. రఫూలో అన్నిటికంటే కష్టం తెలుపు. రంగు బట్టలో తప్పు దాక్కుంటుంది, తెల్లబట్ట దేన్నీ దాచదు. కింది మడతలోంచి పోగులు లాగాను. నిలువు పోగు, అడ్డం పోగు, ఒకదాని కిందినుంచి ఒకటి. ఊపిరి కూడా అడిగి పీల్చుకున్నాను. అయ్యాక వెలుతురుకు పట్టి చూస్తే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. తాత బతికుంటే నా చెయ్యి ముద్దుపెట్టుకునేవాడు. అంతటితో ఆగానా? ఇస్త్రీ కూడా చేశాను. తీసుకెళ్ళి అదే మేకుకు తగిలించి వచ్చి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు. సార్ అంగీ వేసుకునే వచ్చాడు. అరచేతితో ఛాతీ తడుముకుంటున్నాడు, జేబులో పెట్టిన వస్తువు పోయినవాడిలా.

"రాజూ, నా అంగి యాడున్నది?"

"మీ ఒంటి మీదనే ఉన్నది సార్."

"ఇది నాది కాదు."

"మీదే సార్!"

"నా దానికి చినుగున్నది."

ఈ మాట వినడానికే పుట్టాననిపించింది. లేచి నిలబడ్డాను. "ఎక్కడున్నదో మీరే చూపెట్టుండ్రి సార్."

ఆయన నా మొహంలోకి చూశాడు. "నువ్వు కుట్టినవా?"

"కుట్టలేదు సార్, రఫూ చేసిన. కుట్టుకూ రఫూకూ చానా ఫరక్ ఉన్నది..." అని ఆ తేడా వివరించడం మొదలుపెట్టాను. ఆయన గిరాకీలు కూర్చునే పొట్టి పీట మీద మెల్లగా కూర్చున్నాడు. నా ఉపన్యాసం అయ్యేదాకా ఆగాడు. అది ఆయన మర్యాద.

"అది నేనే చింపుకున్న రాజూ."

"తెలుసు సార్, దుఃఖంల..."

"దుఃఖంల కాదు, సోయితోని. బ్లేడుతోని గాటు పెట్టి, చేతులతోని చింపిన. మా పద్ధతి అది. తండ్రి పోతే నిలబడి గుండె మీది బట్ట చింపుకోవాలె. ఆయన పక్కన నిలబడి చింపాల్సింది, మీ మిద్దె మీద నిలబడి చింపిన. మొకం చూడలే. మన్ను వెయ్యలే. చెప్పాల్సిన మాట చెప్పలే. బాబాకు నేను చేసింది గదొక్కటే."

కొట్టు నేల చీలుతుందేమోనని చూశాను. చీలలేదు.

"మళ్ళ ఎప్పుడూ కుట్టుకోరా సార్?" అన్నాను, ఏదో ఒక ఆశతో.

"వేరేటోళ్ళకైతే కుడిపక్క చింపుతరు. నెల దాటినంక కుట్టుకోవచ్చు. తండ్రికైతే ఎడమపక్క. నెల దాటినంక కచ్చగ నాలుగు టాకాలు ఏసుకోవచ్చు గానీ, మంచిగ కుట్టుడు మాత్రం ఎన్నటికీ లేదు."

మంచిగ కుట్టడం ఒక్కటే ఎన్నటికీ లేదట. అధ్వానంగా కుట్టినవాడికైనా ఒక దారుంది. నాకు లేదు. నేను మంచిగా చేశాను.

"ఇప్పుడే విప్పుత సార్. ఇప్పుడే." అంగీ విప్పించి సూది తీసుకున్నాను. చిరుగు కోసం చూశాను. మళ్ళీ చూశాను. భూతద్దం పెట్టి చూశాను.

కనపడలేదు.

బాపును పిలిచాను. బాపు చూసి "ఇక్కడ" అన్నాడు. అమ్మ వచ్చి "గక్కడ కాదు, గిక్కడ" అంది. నాకు ఇంకోచోట అనుమానంగా ఉంది. ముగ్గురం ఒక అంగీ మీద పడి, ఇంటి తాళంచెవి ఇసుకలో పారేసుకున్నవాళ్ళలా వెతికాం.

"నీ చెయ్యి గింత సాపుగుంటదని నాకెన్నడు చెప్పలేదేందిరా?" అన్నాడు బాపు గొంతు తగ్గించి.

"నువ్వే ఎన్నడు మెచ్చుకోలె."

"ఇప్పుడు మెచ్చుకుంటే సార్ నన్ను గూడ కొడ్తడు."

చెమటలు కారుతుండగా నేనొక సలహా ఇచ్చాను. ఆ రోజు నోరు మూసుకునే అవకాశం దొరికిన ప్రతిసారీ వదులుకున్నాను. "సార్, పక్కన కొత్తగ చింపితే?"

"అది అంగి చినుగుడైతది రాజూ. బాబా కోసం చింపింది అది కాదు గద."

ఆయన లేచి వచ్చాడు. అంగీని బల్ల మీద పరిచి చేత్తో సాపు చేశాడు. "లైటు బందు చెయ్యి. తలుపు జర దగ్గరికెయ్యి." బయటి పొద్దు ఒక్క సందులోంచి ఏటవాలుగా బట్ట మీద పడింది. ఆయన పాడైన మోకాలు ఆనించి నేల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, చెంప బల్లకు తగిలేంత కిందికి వంగాడు. ఎర్రమట్టి కోర్టులో బంతి పడ్డచోట చిన్న గుర్తు పడుతుంది. లోపల పడిందా బయట పడిందా అని తగువు వస్తే ఆటగాళ్ళు అలాగే వంగి వెతుకుతారు. జీవితమంతా ఆయన చేసిన పని అది.

ఆయన వేలు మెల్లగా కదిలి ఒకచోట ఆగింది.

"ఇగో."

భూతద్దం పెట్టాను. వెంట్రుకలో సగం ఉండే పోగు కొస ఒకటి, తల ఎత్తి నావైపు చూస్తోంది. నిజం చెప్పాలంటే, దొరికిందన్న సంతోషం కంటే దొరికిపోయానన్న అవమానమే ముందు కలిగింది. ఆ పరిస్థితిలోనూ! అప్పుడు నేను అలాంటివాణ్ణి.

కోర్టులో పిల్లల ఆటలు చూసి చూసి టెన్నిస్ భాష నేర్చిన బాపు, ఆగలేక అడిగేశాడు. "లోపలనా, బయటనా ఎల్లయ్య సార్?"

సార్ తలెత్తాడు. "లైను మీదనే అన్నా" అన్నాడు. అని నవ్వాడు. ఫోను వచ్చిన తర్వాత అదే మొదటి నవ్వు.

విప్పింది నేనే. "నువ్వు చేసినవు, నువ్వే తియ్యి" అన్నాడాయన. పోగు పోగు లాగుతుంటే బట్ట తన పాత చిరుగును గుర్తుపట్టినట్టు, దాని దారినే తెరుచుకుంది. సార్ తొడుక్కుని, ఆ చిరుగులో చెయ్యి పెట్టుకుని, అలాగే పీట మీద కూర్చున్నాడు. నవ్వు ఎటు పోయిందో పోయింది. చిన్నపిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు. "గీతలు వంకరగున్నయి బాబా, తప్పు నాదే" అన్నాడు ఒకసారి. మేము వినలేదన్నట్టు నేల మీది దారపు ముక్కలు ఏరుకున్నాం. తర్వాత అమ్మ చాయ తెచ్చింది.

నన్ను ఆయన ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ తర్వాత కోర్టు నెట్టు ఎప్పుడు చిరిగినా నా దగ్గరికే తెచ్చి, పిల్లలందరి ముందూ అడిగేవాడు: "రాజూ, ఇది మాత్రం మంచిగనే చెయ్యి. ఎవరి కోసమూ చింపలే."

ఎలైజా సార్ పోయి నెల దాటింది. ఓపికున్నన్నాళ్ళూ పొద్దున్నే కోర్టుకు వెళ్ళి గీతలు తానే గీసుకున్నాడు, శనివారం తప్ప. జబ్బు చేస్తే మేనకోడలు వచ్చి బొంబాయికి తీసుకెళ్ళింది, అక్కడే పోయాడు. మన్ను చెయ్యడానికి సముద్రం వైపున వాళ్ళ స్థలం ఉందట. నేను రైలెక్కేలోపే అంతా అయిపోయిందని ఫోను వచ్చింది. మిద్దె మీద నిలబడి, అమ్మను బ్లేడు అడిగాను. ఈసారి అమ్మ గడ్డానికని అనుకోలేదు.

వాళ్ళ పద్ధతిలో చిరిగినది ఏడు రోజులు తొడుక్కుంటే చాలట, నేను ఇప్పటికీ చింపుకున్న నా అంగీ రోజూ తొడుక్కుని కొట్లో కూర్చుంటున్నాను. వ్యాపారానికి ఇది మంచిది కాదు. "నీ అంగే గిట్లున్నది, మా బట్టలేం బాగు చేస్తవే?" అని ఒకామె చీర వాపసు తీసుకుపోయింది.

నిన్న మధ్యాహ్నం నిద్రలేచి చూస్తే మేకుకు అంగీ లేదు. కిందికి పరిగెత్తాను. బాపు కిటికీ దగ్గర కూర్చుని, అంగీ ఒళ్ళో పరుచుకుని, సూదిలో దారం ఎక్కించడానికి కుస్తీ పడుతున్నాడు. నన్ను చూసి ఏ జంకూ లేకుండా అన్నాడు:

"వచ్చినవా? నా కండ్లకు అందుతలేదు. జర దారం ఎక్కియ్యి."

"బాపూ! నీకు తెల్వదా అది?"

"తెలుసు. నెల దాటింది గద. వేరేటోళ్ళకైతే నెల తర్వాత కుట్టుకోవచ్చని ఎల్లయ్య సారే చెప్పిండు."

"అది కుడిపక్కదైతే."

బాపు అంగీని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. ముందు తన వైపు తిప్పి, తర్వాత నా వైపు తిప్పి, చిరుగు ఏ పక్కకు వస్తుందో చూసుకున్నాడు.

"ఎడమ దిక్కు తండ్రికి గదరా?"

"ఆఁ."

"నేనింక బతికే ఉన్న గద!"

ఇన్ని పుస్తకాలు చదివాను, ఈ ముక్క ఒక్కదానిలోనూ లేదు. బాపు సూదిని సూదుల మెత్తకు గుచ్చేశాడు. చిరుగు అంచు మీద బొటనవేలితో ఒకసారి రాశాడు, పని నాణ్యం చూసేటప్పుడు రాసినట్టు.

"మంచిగనే చింపినవు. వంకర పోలె" అన్నాడు. అంగీ నాకు అందిస్తూ, "నా వంతుకు మాత్రం వేరే అంగి ఉంచు. నూలుది. పాలిస్టర్ చింపకు, సక్కగ చినగది."

అందుకని, చదివేవాళ్ళందరి సాక్షిగా, తాత మగ్గం మీదా బాపు సూది మీదా చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: యజమానిని అడగకుండా ఏ చిరుగునూ ముట్టను. వద్దంటే, మొదటి వద్దు దగ్గరే ఆగుతాను. ఇక బాపు నూలు అంగీ విషయం. కొన్నాను. ట్రంకు పెట్టెలో అడుగున, అన్ని బట్టల కింద దాచాను. ఎంత ఆలస్యంగా దొరికితే అంత మంచిది.